నిద్రగన్నేరు దించడం: బ్రాడీపేట పని డైరీ

గుంటూరు బ్రాడీపేటలో అడ్డరోడ్డు మీద ఒక పాత ఇల్లు. వెనక పెరట్లో నిద్రగన్నేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వీచిన గాలికి మాను పక్కింటి రేకుల షెడ్డు వైపు ఒరిగింది. పడలేదు, కానీ మళ్లీ నిటారుగానూ కాలేదు. ఒరిగిన వైపుకి ఎదురుగా నేల నెర్రె విచ్చి, అందులో చూపుడు వేలు పడుతోంది. దించమని మాకు కబురొచ్చింది.

ఇరుకు పెరట్లో ఇలాంటి పని ఒప్పుకునేవాళ్లకు తాడు, బరువు, డబ్బు లెక్క పనికొస్తుందని ఏ దశకా దశ రాసిపెట్టాను. కోతకు పట్టే సమయం తక్కువ. దించడం, మోయడం, పూడ్చడం, వీటికే రోజులు పోతాయి. రేటు చెప్పేటప్పుడు చాలామంది కోత ఒక్కటే చూసి చెప్తారు, అక్కడే దెబ్బతింటారు.

దశ 1: కొలతలు, కాగితాలు

మాను చుట్టుకొలత ఛాతీ ఎత్తులో 7 అడుగులు. కొమ్మలు చీలే దాకా మాను పొడవు 12 అడుగులు. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు 10 అడుగుల ఎత్తు నుంచి వదిలితే, మాను మొదలుకి 1 అడుగు 4 అంగుళాల దూరంలో పడింది. గొడ్డలి మడమతో చుట్టూ కొట్టి చూశాం. ఎక్కడా డొల్ల చప్పుడు రాలేదు. డొల్ల ఉంటే మనిషిని ఎక్కించేవాడిని కాదు, ఎంత ఖర్చయినా పొడవు చేతి క్రేను కోసం చూసేవాడిని.

బరువు లెక్క ఇలా వేశాం:

1. చుట్టుకొలత అడుగుల్లో తీసుకోవాలి. లావు సన్నాలుంటే మధ్యలో కొలిచింది చాలు.
2. దాన్ని దానితోనే గుణించి 12.5తో భాగించాలి.
3. వచ్చిన అంకెను పొడవుతో గుణిస్తే సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగులు.
4. పచ్చి చెక్కకు సీఎఫ్‌టీకి 25 కేజీలు వేసుకోవాలి.

మాను సగటు చుట్టు ఆరున్నర అడుగులు, పొడవు 12. అంటే దాదాపు 40 సీఎఫ్‌టీ, 1,000 కేజీలు. పెద్ద కొమ్మలు నాలుగు. ఒక్కోటి 3 అడుగుల చుట్టు, 15 అడుగుల పొడవు, 270 కేజీలు.

కలప అడితిలో లెక్క వేరు. చుట్టుకొలతను నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చిస్తారు. అలా చేస్తే అసలు చెక్కలో 78 శాతమే లెక్కలోకి వస్తుంది. అది కొనేవాడికి లాభం. తాడుకి మాత్రం ఆ లెక్క పెట్టకండి, దాని మీద మొత్తం బరువూ పడుతుంది.

అనుమతి సంగతి. సొంత పెరట్లో చెట్టయినా సరే, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాలి. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది కానీ, మన చెట్టు అందులో ఉందో లేదో ఆఫీసులో చెప్పించుకుని మొదలుపెట్టడం మేలు. దరఖాస్తు ఇంటివాళ్ల పేరు మీదే పెట్టించాం. ఒరిగిన మాను, నేల నెర్రె, పక్కింటి షెడ్డు మూడూ ఒకే ఫొటోలో పడేలా తీయించాను. ఆ కాగితం జిరాక్సు ఒకటి జేబులో ఉండాలి. మిషన్ చప్పుడు వినగానే వీధిలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

పని ఫిబ్రవరి నెలాఖరుకు పెట్టుకున్నాం. అప్పటికి నిద్రగన్నేరు ఆకు చాలావరకు రాలుస్తుంది. కొమ్మ తేలికవుతుంది, పైనున్నవాడికి కింద మనిషి కనిపిస్తాడు. తేనెపట్టు ఉందేమో ముందురోజు సాయంత్రమే చూసుకోవాలి. మిషన్ స్టార్ట్ చేశాక చూసి లాభం లేదు.

ఒప్పందం: కట్టె మాకు, పైన 32,000 రూపాయలు. మొద్దు తవ్వి గొయ్యి పూడ్చడం, రెండు కొబ్బరిచెట్లు శుభ్రం చేయడం, డాబా మీద చెత్త తీయడం అందులోనే.

దశ 2: కొమ్మలు

సందు వైపు రెండు కొమ్మలు కరెంటు తీగల మీదుగా వెళ్లాయి. నాలుగు వందల నలభై వోల్టుల లైను, పక్కనే ఈ ఇంటి సర్వీసు వైరు. లైన్‌మ్యాన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపి పనిచేసుకోవడానికి అనుమతి) తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి, తీగలకు ఎర్తు గొలుసు తగిలించాకే మా కుర్రాడు చెట్టెక్కాడు. సప్లై ఆపేశారు కదా అని గొలుసు లేకుండా ఎక్కకూడదు. వీధిలో ఎవరింట్లోనో జనరేటర్ సరైన చేంజోవర్ స్విచ్ లేకుండా కలిపి ఉంటే కరెంటు వెనక్కి తీగలోకి వస్తుంది. "ఎల్‌సీ పదకొండింటి వరకేనన్నా, తర్వాత నా చేతుల్లో లేదు" అన్నాడు లైన్‌మ్యాన్. అందుకే తీగల మీది కొమ్మలు ముందు, షెడ్డు మీదివి తర్వాత పెట్టుకున్నాం.

తీగల వైపు కొమ్మలు సన్నవి. ముక్క ముక్కగా మడత రంపంతో కోసి చేత్తోనే దించాడు. అక్కడ ఇబ్బంది రాలేదు.

షెడ్డు మీది కొమ్మల దగ్గర తాడు చెడింది. చెట్టు పైన గట్టి పంగలో కప్పీ కట్టి, ముక్కకు తాడు బిగించి, కింద మాను మొదలుకి మూడు చుట్లు వేసి నెమ్మదిగా వదలడం పద్ధతి. తాడు 12 ఎంఎం పాలీప్రొపిలీన్, మన ఊళ్లో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా చేతికిచ్చే నీలం తాడు. ముక్క దిగుతుంటే చుట్ల దగ్గర ముందు వాసన వచ్చింది. తర్వాత తాడు ఆగి ఆగి జారింది. ముక్క ఊగి ప్రహరీ పైవరసకు తగిలితే రెండు ఇటుకలు కదిలాయి. షెడ్డు బతికింది. పక్కింటి పెద్దాయన బయటికొచ్చి, "అది రేకు మీద పడితే ఎవరు కడతారయ్యా?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే.

తాడు విప్పి చూస్తే చుట్టు పడిన చోటల్లా పోగులు ఒకదానికొకటి అతుక్కుని నున్నటి పొర కట్టాయి. గోరుతో గీరితే పెచ్చు లేచింది. ఈ ప్లాస్టిక్కు 160 డిగ్రీలు దాటితే కరుగుతుంది. బరువు వేగంగా జారితే ఆ వేడి క్షణాల్లో పుడుతుంది.

బలం లెక్క కూడా చూడండి. కొత్త 12 ఎంఎం తాడు తెగడానికి సుమారు 2 టన్నులు కావాలి. ముడి వేస్తే సగం, అంటే టన్ను. ఎండకు చెడిన పాత తాడుకి మళ్లీ సగం, 500 కేజీలు. ఇక 90 కేజీల ముక్క రెండడుగులు వదులుగా పడి తాడు మీద ఆగితే కుదుపు నాలుగైదు రెట్లు ఉంటుంది. 450 కేజీలు. మిగిలిన తేడా 50. దాన్ని నమ్మి కింద మనిషిని నిలబెట్టలేం.

మార్చినవి:

1. 16 ఎంఎం పాలియెస్టర్ అల్లిక తాడు, 40 మీటర్లు. మీటరు 120, మొత్తం 4,800.
2. ఏ ముక్కా 90 కేజీలు దాటకూడదు. 3 అడుగుల చుట్టు కొమ్మకు అడుగుకి 18 కేజీలు, కాబట్టి 5 అడుగులకో కోత.
3. కోయకముందే తాడు బిగించి పట్టాలి. వదులు ఉంటే కోత ఆపించడమే.
4. ముక్క రెండో చివర ఇంకో సన్నతాడు. ఊగకుండా దాన్ని ఒకడు పెరటి వైపు లాగి పట్టుకోవాలి.
5. చుట్లు పడే చోట మాను బెరడు గీకి నునుపు చేశాం. 50 కేజీల లోపు ముక్కకు రెండు చుట్లు, ఆపైన మూడు.

నాలుగోది ఖర్చు లేనిది, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది కూడా అదే. ఆ తర్వాత ప్రహరీకి ఏదీ తగల్లేదు.

ఇప్పటిదాకా ఖర్చు: కూలి 7,200, తాడు 4,800, పెట్రోలు ఆయిలు 850. మొత్తం 12,850.

దశ 3: మిషన్ మొరాయించింది

మాది 58 సీసీ చెయిన్ సా, 18 అంగుళాల బారు (చెయిన్ తిరిగే పొడవాటి పట్టీ). మిషన్‌తో వచ్చిన పుస్తకంలో పెట్రోలుకు టూ స్ట్రోక్ ఆయిలు 25కి 1 అని ఉంది, అంటే లీటరుకు 40 మి.లీ. మంచి కంపెనీ మిషన్లకు 50కి 1, లీటరుకు 20 మి.లీ. రెండూ పక్కపక్కన పెట్టుకుని పనిచేసేవాళ్లు డబ్బాల మీద పెయింటుతో రాసుకోవాలి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటోంది కాబట్టి కలిపిన పెట్రోలు నిల్వ పెట్టొద్దు. తేమ పట్టి అడుగున వేరుపడుతుంది, కార్బొరేటర్ జిగురు పడుతుంది. సాయంత్రం ట్యాంకు వంచేసి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి పక్కన పెడతాం.

మానుకి పెట్టిన మొదటి కోతలోనే నిప్పురవ్వ లేచింది. ఎన్నడో బట్టల దండేనికి కొట్టిన ఇనప కొక్కెం. చెట్టు దాన్ని పూర్తిగా మింగి పైన బెరడు కప్పేసింది. గొడ్డలితో చెక్కి చూస్తే చుట్టూ చెక్క బెత్తెడు మేర నీలినలుపు తిరిగింది. చెక్కలో ఇనుము ఉందనడానికి అదే గుర్తు. పొట్టు రంగు మారితే వెంటనే మిషన్ ఆపాలి.

ఆ చెయిన్ పళ్లు ఒక వైపు పూర్తిగా మొండివైపోయాయి. మొండి చెయిన్ కోత వంకర పోతుంది, బారు ఇరుక్కుంటుంది. పదును ఉందో లేదో పొట్టు చెప్తుంది: పెచ్చులుగా రాలితే పదునున్నట్టు, పిండిలా రాలితే పోయినట్టు.

పదును పెట్టే పద్ధతి:

1. మా చెయిన్‌కు 4.8 ఎంఎం గుండ్రటి ఆకురాయి. మీ చెయిన్ సైజు చూసి కొనండి.
2. పంటికి 30 డిగ్రీల వాలు. లోపలి నుంచి బయటికే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు పైకి ఎత్తాలి.
3. అన్ని పళ్లకూ తోపులు సమానం. మొండిది ఎక్కువ అరిగితే మిగతావీ దాని పొడవుకు తేవాలి.
4. పంటి ముందుండే చిన్న దిమ్మ, పంటి కన్నా 0.65 ఎంఎం కిందికి ఉండాలి. ఇది చూడకుండా పళ్లు మాత్రమే అరగదీస్తే ఎంత పదునున్నా కోత దిగదు.

ఇనుము తిన్న చెయిన్‌ను ఇలా బాగుచేసేసరికి పంటి సగం పోయింది. అందుకని అది మొద్దు పనికి పక్కనపెట్టి కొత్తది వేశాం. తర్వాత పాత స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి మాను చుట్టూ తిప్పాను. ఇంకో మేకు దొరికింది. అంగుళం లోపు ఉన్నవే దొరుకుతాయి, లోతున ఉన్నవి దానికి తెలియవు.

ఒక మాట. జీన్స్ ప్యాంటు రెండు తొడుక్కుంటే కాలికి రక్షణ అని మా పనివాళ్లలో ఒక నమ్మకం. చెయిన్ సెకనుకు సుమారు 20 మీటర్లు పరిగెడుతుంది. జీన్స్ దానికి లెక్క కాదు. బారు ముక్కు పైభాగం దేనికీ తగలనివ్వకపోవడం, రెండు చేతులా పట్టుకోవడం, భుజం కంటే ఎత్తులో కోయకపోవడం, మా దగ్గరున్న రక్షణ ఇదే. హెల్మెట్, కళ్లద్దాలు ఎలాగూ ఉంటాయి.

కొత్త చెయిన్ 900, ఆకురాయి 250. ఇప్పటిదాకా మొత్తం 14,000.

దశ 4: మాను

అడితి ఆయన ముందే చెప్పాడు: "నాలుగడుగుల దుంగలైతే సీఎఫ్‌టీ లెక్కన తీసుకుంటా, బిళ్లలు కోస్తే వంటచెరుకే." అడితి లెక్కలో మాను 31.7 సీఎఫ్‌టీ. 150 చొప్పున 4,755 రావాలి. వంటచెరుకుగా అయితే టన్ను 2,200, అందులో సగం వస్తుంది. తేడా రెండు వేల పైచిలుకు. అయితే నాలుగడుగుల దుంగ 350 కేజీలు. ఇంటి పక్క నడవా నాలుగున్నర అడుగుల వెడల్పు. క్రేను రాదు, వచ్చినా బాడుగకే ఆ తేడా పోతుంది. పైగా ఇనుము దొరికిన మాను అని తెలిస్తే కోత మిల్లువాడు ముట్టుకోడు. అడుగు మందం బిళ్లలకే ఖాయం చేశాం. బిళ్ల సగటున 90 కేజీలు. ఎత్తే పని లేదు, నిలబెట్టి దొర్లించడమే.

సెంట్రింగ్ వాళ్ల దగ్గర ఇనప స్టేజీ బాడుగకు తెచ్చి, వాలుకి ఎదురువైపు నిలబెట్టి పైనుంచి కిందికి కోసుకుంటూ వచ్చాం. కింద సిమెంటు గచ్చు పగలకుండా లారీ టైర్లు పరిచాం. మొదటి బిళ్ల టైరు మీద పడి ఎగిరి, నీళ్ల తొట్టికి జానెడు దూరంలో ఆగింది. టైరు దెబ్బను మింగదు, తిరిగి విసురుతుంది. టైర్లు తీసేసి అడుగున ఇసుక బస్తాలు, పైన కొమ్మల కుప్ప వేశాక పడిన బిళ్ల పడినచోటే ఉండిపోయింది.

కింది మూడడుగులు వదిలేసి, దానికి గొలుసు తగిలించి చెయిన్ బ్లాక్‌తో (బరువులు లాగే గొలుసు కప్పీ) మొద్దును కూడా కలిపి లాగుదామని మా బావమరిది అన్నాడు. మంచి పద్ధతే, మొద్దు ఎత్తుగా ఉంటే మీట బలం వస్తుంది. కానీ కొక్కెం రెండో చివర తగిలించడానికి ఉన్నది ప్రహరీ పిల్లరు ఒక్కటే. మొద్దు కంటే ముందు పిల్లరు ఊడి వచ్చేది. నేల దాకా కోసేశాం.

టాటా ఏస్ సందు మొగదాకే వచ్చింది. అక్కడి వరకు దొర్లింపే. కాటా మీద తూకం: పెద్ద కొమ్మలు 1,160, మాను 1,090, మణికట్టు లావు పైనున్న చిల్లర కట్టె 410. మొత్తం 2,660 కేజీలు. లెక్కకు సీఎఫ్‌టీకి 25 కేజీలు వేశాం, కాటా మీద 27 పడింది. తాడు లెక్కకు ఇకనుంచి 28 వేస్తాను.

ఆకు, రెమ్మ, కాయ మాకు భారం కాలేదు. కాయలు తియ్యగా ఉంటాయి, మేకలు ఎగబడి తింటాయి. మేకలవాళ్లకు కబురు చేస్తే వాళ్లే మోసుకుపోయారు. రాలిన ఆకు మాత్రం ఇంటావిడ పెరటి మూల గుంటలో వేయించుకున్నారు. చిక్కుడు జాతి చెట్టు కదా, ఆకులో నత్రజని బాగుంటుంది.

కూలి 5,400, పెట్రోలు ఆయిలు 1,100, బండి 3,000, స్టేజీ 600. ఇప్పటిదాకా మొత్తం 24,100.

దశ 5: మొద్దు

"ఉప్పు పోసి వదిలేయండి, యాసిడ్ పోస్తే సరిపోతుంది" అని చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ సలహా ఇచ్చారు. ఆ రెండూ చుట్టూ మట్టిని చంపుతాయి, మొద్దు మాత్రం ఏళ్లు ఉంటుంది. నిద్రగన్నేరు మొద్దు వదిలితే చిగురు కూడా వేస్తుంది.

1. చుట్టూ గడ్డపారతో రెండున్నర అడుగుల లోతు గాడి తవ్వాం.
2. మోటారు నీళ్లు పట్టి వేళ్ల మీది మట్టి కడిగాం. మట్టి అంటిన వేరు మీద చెయిన్ పెడితే క్షణంలో పదును పోతుంది.
3. పక్క వేళ్లు గొడ్డలితో, లావువి పక్కనపెట్టిన పాత చెయిన్‌తో.
4. మొద్దు మీద అడ్డంగా నిలువుగా కోతలు పెట్టి, ఇనప చీలలు దింపి సమ్మెటతో చీల్చి ముక్కలుగా తీశాం.

ప్రహరీ కిందికి వెళ్లిన ఐదంగుళాల వేరును గోడ అంచునే కోసి వదిలేశాం. లాగితే పునాది కదులుతుంది.

పైన అడుగు మేర పోసిన మట్టి, దాని కింద నల్లరేగడి. ఇక్కడ ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. పెద్ద చెట్టు ఏళ్ల తరబడి ఆ నేలలో నీళ్లు లాగేస్తుంది, రేగడి కుంచించుకుని ఉంటుంది. చెట్టు పోయాక వానలకు ఆ నేల నీళ్లు తాగి ఉబ్బుతుంది, పక్కనున్న తేలిక గోడలు పగుళ్లిస్తాయి. అందుకని తీసిన రేగడి మళ్లీ గోతిలో వేయలేదు. 5 అడుగులకు 5 అడుగులు, లోతు రెండున్నర: 62 సీఎఫ్‌టీ గొయ్యి. దిమ్మిస కొడితే గ్రావెల్ అణుగుతుంది కాబట్టి 80 సీఎఫ్‌టీ పట్టింది. అర అడుగు పొర పోయడం, కాస్త నీళ్లు చల్లడం, దిమ్మిస కొట్టడం. ఒకేసారి నింపి పైన కొడితే కింద వదులుగానే ఉండిపోతుంది.

కూలి 4,200, గ్రావెల్ 2,400. ఇప్పటిదాకా మొత్తం 30,700.

దశ 6: చిల్లర పనులు

కొబ్బరిచెట్లలో ఒకదాని కొత్త మట్టలు కత్తెరతో వంకీగా కత్తిరించినట్టున్నాయి. కొమ్ము పురుగు. ఎక్కినవాడు ఇనప ఊచతో మొవ్వులోంచి ఒకదాన్ని లాగాడు. వేపపిండి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు కలిపి పై మూడు మట్టల మొదళ్లలో పోయించాం. రెండో చెట్టుకి తెల్లదోమ. ఆకు కింద తెల్లటి చుట్టలు, కింది ఆకు మీద నల్లటి మసి. డాబా గోడ నల్లబడిందని ఇంటావిడ పెయింటరును పిలవబోయారు. అది పెయింటు లోపం కాదు, దోమ కార్చే తేనెబంక మీద పెరిగిన బూజు. గొట్టంతో నీళ్లు గట్టిగా కొడితే ఆకు మీదా, గోడ మీదా చాలావరకు పోయింది. దోమ తగ్గాలంటే అప్పుడప్పుడూ ఆకు అడుగున నీళ్లు కొడుతూ ఉండాలి.

ముందువైపు వేపచెట్టుకి కొసలు ఎండిపోయాయి. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపలు ఎండడం చూశాం కదా, అదే ఫంగస్ తెగులు. చెట్టు చావలేదు. ఎండిన రెమ్మలను పచ్చి చెక్క కనిపించే దాకా కోసి, కోతకూ కోతకూ మధ్య రంపాన్ని స్పిరిట్‌తో తుడిచాం. లావు కొమ్మను మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఉంగరం బయట కోయాలి, మానుకి ఆనించి కాదు. గాయానికి తారు పూయమన్నారు. పూయలేదు, దానివల్ల గాయం మానదు.

డాబా మీద వాన నీటి గొట్టం నోట్లో నిద్రగన్నేరు ఆకు గట్టిగా కుక్కుకుపోయింది. అది తీసి పైన జాలీ పెట్టాం.

కొబ్బరి ఎక్కుడు కూలి 1,000, వేపపిండి, ఇసుక, స్పిరిట్ 180. మొత్తం ఖర్చు 31,880.

వచ్చింది: ఒప్పందం 32,000, కట్టె 5,852. మొత్తం 37,852. మిగులు 5,972. తాడు మా దగ్గరే ఉంటుంది కాబట్టి దాని ధర తర్వాతి పనుల మీద పంచుకోవచ్చు. ఇదే పని మళ్లీ వస్తే 36,000కి తక్కువ చెప్పను. మొద్దు పని విడిగా రాయిస్తాను.

కదిలిన ఇటుకలు సిమెంటు పెట్టి నిలబెట్టాం. ప్రహరీకి ముందునుంచే ఉన్న పగులుకు అటొకటి ఇటొకటి పెన్సిలుతో రెండు గీతలు గీసి తేదీ వేశాను. వానలయ్యాక ఆ గీతల మధ్య దూరం కొలిచి, పెరిగిందో లేదో ఇక్కడే రాస్తాను.